మూసుకుపోయిన నాజిళ్లకు తడి కావాలి, ఒత్తిడి కాదు

ఫోటో ప్రింటర్ హెడ్ (నాజిళ్లు అనే సన్నని రంధ్రాల గుండా కాగితం మీదికి ఇంకు చిమ్మే భాగం) మూసుకుపోయిందని ఎవరైనా చెబితే నేను ముందుగా అడిగేది ఒక్కటే: నాజిల్ చెక్ కాగితాలు, అంటే ఏ నాజిల్ పనిచేస్తోందో చూపే పరీక్ష ప్రింట్లు, దాచారా? చాలామంది దాచరు. ఒక కాగితం తీసి, గీతలు తెగి ఉన్నాయని చూసి, దాన్ని పారేసి వెంటనే హెడ్ క్లీనింగ్ మొదలుపెడతారు. ఒక్క కాగితంతో గీత తెగిందని మాత్రమే తెలుస్తుంది. వరుసగా తీసిన రెండు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎందుకు తెగిందో తెలుస్తుంది. నేను ప్రతి కాగితం మూలన తేదీ, సమయం, అంతకుముందు ఏం చేశానో రాసి ఒక ఫైల్లో పెడతాను. హెడ్ మొండికేసినప్పుడు నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఆ ఫైలే.

నేను పక్షుల ఫోటోలు ప్రింట్ చేస్తాను. మంచులో నీటి అంచున నిలబడిన కొంగ, దాని వెనుక కింది నుంచి పైకి తేలికవుతూ పోయే బూడిద ఆకాశం, ఇలాంటివి. ఆ ఆకాశమంతా లేత బూడిద రంగు ఇంకుల పని. అక్కడ ఒకటి రెండు నాజిళ్లు ఆగినా ఆకాశం మీద అడ్డంగా సన్నని చార పడుతుంది. ఉత్తరాలు ప్రింట్ చేసేవారు అదే ప్రింటర్‌ను నెలల తరబడి వాడినా ఆ లోపం గమనించకపోవచ్చు. ఫోటో వేసేవారికి ఆ చార ఒక్కటి చాలు, మంచి కాగితం వృథా కావడానికి.

ముందు కాగితం చదవడం చూద్దాం. నాజిల్ చెక్‌లో ప్రతి రంగుకీ మెట్లలా దిగే చిన్న చిన్న గీతలు ఉంటాయి. ఒక్కో గీత ఒక్కో నాజిల్‌ది. రెండు కాగితాల్లోనూ అదే రంగులో, సరిగ్గా అదే మెట్టు దగ్గర గీత లేకపోతే అక్కడ ఇంకు ఎండి ఉండే అవకాశమే ఎక్కువ. మొదటి కాగితంలో తెగిన గీత రెండో కాగితంలో వచ్చి, మరోచోట కొత్తగా తెగితే అది ఎండిన ఇంకు కాదు, లోపలికి గాలి చేరింది. దానికి ఏ ద్రవమూ అక్కర్లేదు. ప్రింటర్‌ను కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి, కదపకుండా వదిలేస్తే చాలాసార్లు గాలి బుడగలు వాటంతటవే సర్దుకుంటాయి. ఒక రంగు మొత్తం ఒక్కసారిగా మాయమైతే హెడ్ కంటే ముందు కార్ట్రిడ్జ్‌ను అనుమానించాలి: ఇంకు ఉందా, గాలి లోపలికి వెళ్లే రంధ్రం మీది టేపు పూర్తిగా ఊడిందా, కార్ట్రిడ్జ్ సరిగా కూర్చుందా. ఒకేసారి వందకు పైగా నాజిళ్లు ఎండిపోవడం అరుదు.

నాలుగో రకం ఉంది. అన్నిటికంటే ఎక్కువ మందిని తికమకపెట్టేది అదే. హెడ్ క్లీనింగ్ చేశాక గీతలు ఇంకా ఎక్కువగా తెగుతాయి. చేసినకొద్దీ పరిస్థితి దిగజారుతుంది. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే ముందు హెడ్ క్లీనింగ్ అనే ఆ పనిలో లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

ప్రింటర్ పని చేయనప్పుడు హెడ్ కుడివైపు చివర (చాలా వాటిలో అటే) ఒక రబ్బరు అంచు ఉన్న చిన్న తొట్టి మీద కూర్చుంటుంది. దాన్ని క్యాప్ అంటారు. దాని పని రెండు రకాలు. ఒకటి, నాజిళ్లను గాలి తగలకుండా మూసి ఉంచడం. రెండు, క్లీనింగ్ సమయంలో కింద ఉన్న చిన్న పంపు క్యాప్‌లోంచి గాలిని లాగితే, ఆ లాగుడుకి నాజిళ్ల గుండా ఇంకు కిందికి రావడం. అలా వచ్చిన ఇంకంతా గొట్టం ద్వారా అడుగున ఉన్న వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకో, మార్చుకునే వీలున్న డబ్బాలోకో పోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఒక రంగుకు 180 నాజిళ్లు ఉన్న హెడ్‌లో పది మూసుకుపోయాయి. పంపు లాగినప్పుడు ఇంకు ఎటు నుంచి వస్తుంది? తెరిచి ఉన్న 170 నుంచి. మూసుకున్న పదింటిలో ఇంకు కదలనే కదలదు. మళ్లీ క్లీనింగ్ చేస్తే మళ్లీ ఆ 170 నుంచే వస్తుంది. ఎండిన పది అలాగే ఉంటాయి, కార్ట్రిడ్జ్ ఖాళీ అవుతుంది, వేస్ట్ ప్యాడ్ నిండుతుంది. ఆ ప్యాడ్ ఎంత నిండిందో ప్రింటర్ లెక్కపెట్టుకుంటుంది. లెక్క హద్దు దాటితే పని ఆపేస్తుంది. వరుసగా క్లీనింగులు చేస్తూ పోవడం మీద నాకున్న అభ్యంతరం ఖర్చు ఒక్కటే కాదు, ఆ పద్ధతి పనిచేసే తీరే మొండి నాజిళ్లకు సరిపడదు. ఒకటి, మహా అయితే రెండు. అంతటితో ఆపి ప్రింటర్‌కు విశ్రాంతి ఇవ్వాలి.

ఇంకు ఎందుకు అంత గట్టిగా పట్టేస్తుందో కూడా తెలుసుకోవాలి. ఫోటో ప్రింటర్ నాజిల్ వెడల్పు సుమారు 20 మైక్రాన్లు. మనిషి వెంట్రుక సాధారణంగా దానికి రెండు మూడు రెట్లకు తక్కువ ఉండదు. అందులోంచి వచ్చే చుక్క రెండు నుంచి నాలుగు పికోలీటర్లు, పికోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అంత చిన్న చుక్కలో నీరు ఆవిరి కావడానికి ఎంతసేపు పడుతుంది? అందుకే ఇంకులో గ్లిజరిన్ లాంటి, త్వరగా ఆరని పదార్థాలు కలుపుతారు. డై ఇంకులో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది, ఎండినా మళ్లీ తడి తగిలితే చాలావరకు కరుగుతుంది. పిగ్మెంట్ ఇంకు సంగతి వేరు. అందులో రంగు కరగదు, చాలా సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. వాటిని విడివిడిగా ఉంచేది చుట్టూ ఉన్న నీరు, పూతగా ఉన్న రెజిన్. నీరు పోతే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి, రెజిన్ వాటిని పొరలా బిగిస్తుంది. ఏళ్ల తరబడి గోడ మీద నిలిచే ఫోటో కోసం మనం కోరుకునే గుణమే నాజిల్‌లో మనకు ఎదురు తిరుగుతుంది. ఆ పొర లోపలికి తడి ఇంకడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. పాళీలో ఎండిన ఇంకును సూదితో పొడవకుండా నీళ్లలో నానబెట్టేవాళ్లం కదా, ఇక్కడా కావలసింది అదే.

హెడ్లలో రెండు జాతులు ఉన్నాయి. ఎప్సన్ వాడేది పియెజో: విద్యుత్తు తగిలినప్పుడు వంగే చిన్న పొర ఇంకును బయటికి నెడుతుంది. కానన్, హెచ్‌పీ ఫోటో ప్రింటర్లలో ఉండేది థర్మల్: చిన్న హీటర్ ఇంకును క్షణంలో మరిగించి, పుట్టిన బుడగతో చుక్కను తోస్తుంది. 1977లో కానన్ పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు ఉన్న సిరంజి సూదికి తగిలి ఇంకు చిమ్మితే, ఆ గమనింపు నుంచే తమ బబుల్ జెట్ పుట్టిందని ఆ సంస్థ చెబుతుంది. మనకు ఈ తేడా ఎందుకంటే, థర్మల్ హెడ్‌లో హీటర్‌ను చల్లబరిచేది కూడా ఇంకే. ఇంకు రాని నాజిళ్లతో పేజీల కొద్దీ ముదురు రంగు ప్రింట్ చేస్తే హీటర్లు కాలిపోతాయి. కాబట్టి మూసుకున్న హెడ్‌ను ప్రింట్ చేయించి తెరిపిద్దామనే ఆలోచన వద్దు. మరోవైపు, థర్మల్ హెడ్లలో చాలావాటిని మనమే బయటికి తీయవచ్చు. పియెజో హెడ్ సాధారణంగా ప్రింటర్ జీవితాంతం అందులోనే ఉండేలా చేస్తారు, కనుక దాన్ని ఉన్నచోటే శుభ్రం చేయాలి.

ఇక క్యాప్ దగ్గరికి వద్దాం. కార్ట్రిడ్జ్ మార్చే ఆప్షన్ ఇస్తే చాలా ప్రింటర్లలో హెడ్ పక్కకు వస్తుంది. కొన్నింటిలో ప్రింట్ మొదలై హెడ్ కదిలాక ప్లగ్ తీసేయాల్సి ఉంటుంది. ఏదైనా సరే, చేయి లోపల పెట్టేముందు ప్లగ్ తీసి ఉండాలి. హెడ్ వెనుక అడ్డంగా సాగిన పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ పట్టీని తాకకండి. దాని మీది గీతలు చదువుకునే హెడ్ తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. దాని మీద ఇంకు మరకో వేలి జిడ్డో పడితే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

టార్చ్ వేసి క్యాప్‌ను చూడండి. నా ప్రింటర్‌లో నేను చూసింది చెబుతాను. రబ్బరు అంచు నల్లగా, తడిగా, చూడటానికి బాగానే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఎడమ మూలన అంచు మీద ఎండిన ఇంకు చిన్న దిబ్బలా పేరుకుని ఉంది. దానిలో ఒక కాగితపు నూగు, సగం అంచు లోపల, సగం బయట. అంతే. ఆ నూగు ఎత్తున రబ్బరు హెడ్‌కు అంటుకోవడం లేదు. పంపు లాగితే ఇంకుకు బదులు ఆ సందులోంచి గాలి వస్తోంది. రోజంతా అదే సందులోంచి హెడ్‌కు గాలి తగిలి నాజిళ్లు ఎండుతున్నాయి. నేను ఇందాక చెప్పిన నాలుగో రకం ఇదే: క్లీనింగ్ చేసినకొద్దీ దిగజారితే, హెడ్ కంటే ముందు క్యాప్‌ను చూడాలి.

నూగు రాలని దూది పుల్లను క్లీనింగ్ ద్రవంలో తడిపి రబ్బరు అంచు చుట్టూ మెల్లగా తిప్పాలి. మొదటి పుల్ల నల్లగా వస్తుంది, మార్చాలి. ఎండిన దిబ్బను గోకకూడదు, ఒక చుక్క వేసి నానేదాకా ఆగాలి. క్యాప్ లోపల స్పాంజి ఉంటే దాని మీద ద్రవం చుక్కలుగా వేసి అంచు వరకు నింపాలి. తర్వాత ప్రింటర్ ఆన్ చేసి ఒక క్లీనింగ్ నడిపి, మళ్లీ తెరిచి చూడండి. తొట్టి ఖాళీ అయితే పంపు, గొట్టం పనిచేస్తున్నాయి. ద్రవం అలాగే నిలిచి ఉంటే గొట్టంలో అడ్డు ఉంది, లేదా పంపు లాగడం లేదు. అప్పుడు హెడ్‌ను ఎంత నానబెట్టినా ఫలితం ఉండదు.

క్యాప్ పక్కనే నిలువుగా చిన్న రబ్బరు పలక ఉంటుంది, అదే వైపర్. క్లీనింగ్ చివర హెడ్ దాని మీదుగా వెళుతుంది. దాని అంచున ఇంకు గడ్డకట్టి ఉంటే, ప్రతిసారీ ఆ మురికినే నాజిళ్ల మీద పూస్తుంది. రెండు వైపులా తుడవాలి. దీనికి నిమిషం పట్టదు, కానీ మరిచిపోయేవారే ఎక్కువ.

ఇవన్నీ సరిగా ఉండి, అదే మెట్టు దగ్గర గీత మళ్లీ మళ్లీ రాకపోతే అప్పుడు నానబెట్టడం. ఏ ద్రవం? పిగ్మెంట్ ఇంకు కోసం తయారుచేసిన క్లీనింగ్ ద్రవం దొరికితే అదే మంచిది. దానిలో నీటితోపాటు గ్లైకాల్, సర్ఫెక్టెంట్ ఉంటాయి, పొరలోకి ఇంకడానికి, ఇంకిన తర్వాత త్వరగా ఆరకుండా ఉండటానికి. అది లేకపోతే డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు వద్దు, ఆరిన తర్వాత వాటిలోని లవణాలు నాజిల్‌లోనే మిగులుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడమనే సలహా తరచూ వినిపిస్తుంది. నేను వాడను. పిగ్మెంట్ రేణువులను విడివిడిగా ఉంచే ఏర్పాటును ఆల్కహాల్ చెడగొట్టి వాటిని ముద్దకట్టించగలదు, పైగా అది త్వరగా ఆరిపోతుంది, రబ్బరును పొడిబారుస్తుంది. అసిటోన్ అయితే ప్లాస్టిక్‌నే తినేస్తుంది. సూది, పిన్ను, బ్రష్షు నాజిల్ పలక దరిదాపుల్లోకి కూడా రాకూడదు. ఆ పలక మీద పడిన గీత మళ్లీ పోదు.

పద్ధతి ఇదీ. నూగు రాలని మెత్తని గుడ్డనో, గట్టి పేపర్ టవల్‌నో హెడ్ వెడల్పుకు సరిపడా పట్టీలా మడవాలి. ద్రవంలో బాగా తడపాలి, కానీ కారేంతగా కాదు. హెడ్ తిరిగే దారిలో పరిచి, హెడ్‌ను చేత్తో మెల్లగా దాని మీదికి జరపాలి. పట్టీ అడుగు తాకేంత మందంగా ఉండాలి, హెడ్‌ను పైకి ఎత్తేంత మందంగా ఉండకూడదు. అటూ ఇటూ రుద్దకండి. వదిలేయండి. రాత్రంతా ఉంచాలంటే మధ్యలో ఒకసారి పట్టీ అంచున కొన్ని చుక్కలు వేయండి. అది ఎండిపోతే హెడ్ మూత లేకుండా గాలికి వదిలేసినట్టే, చేసిన మేలు కంటే కీడు ఎక్కువవుతుంది. నాకైతే క్యాప్‌నే ద్రవంతో నింపి హెడ్‌ను దాని మీద కూర్చోబెట్టి ప్లగ్ తీసేయడం ఇంకా నచ్చుతుంది. అక్కడ ఆరిపోయే భయం తక్కువ. ఒక్క జాగ్రత్త: క్యాప్ పొంగేలా నింపితే ద్రవం హెడ్ పక్కలకు, ఆపై విద్యుత్ కనెక్షన్ల వైపుకు పాకుతుంది.

పొద్దున ఆ పట్టీని తీసి చూడటం నాకు ఎంతో ఇష్టమైన పని. దాని మీద రంగులు పక్కపక్కన సమాంతరంగా చారలుగా దిగి ఉంటాయి: పసుపు, మెజెంటా, సయాన్, నలుపులు. నాజిళ్ల వరుసల అచ్చు అది. ఏ చార ముదురుగా, మొదటి నుంచి చివరి దాకా తెగకుండా ఉందో ఆ రంగు తడిని అందుకుంది. నా పట్టీ మీద లేత బూడిద చార మధ్యలో గోరంత ఖాళీ ఉండేది, నాజిల్ చెక్‌లో గీతలు లేనిదీ ఆ భాగంలోనే. మరో రాత్రి నానిన తర్వాత పట్టీలో ఆ ఖాళీ చోట కాగితం మీద ఊపిరి తగిలినంత లేతగా మరక దిగింది. దానిని చూశాకే నేను క్లీనింగ్ నడిపాను. అంతకుముందు నడిపి ఉంటే ఇంకు వృథా కావడం తప్ప మరేమీ జరిగేది కాదు.

నానిన తర్వాత ఒక క్లీనింగ్, ఒక నాజిల్ చెక్. గీతలు కొన్ని తిరిగి వస్తే సంతోషం, అన్నీ రాకపోతే వెంటనే మరో క్లీనింగ్ వద్దు. కొన్ని గంటలు ఆగి మళ్లీ చెక్ తీయండి. నానిన పొర మెత్తబడుతూనే ఉంటుంది, ఏ క్లీనింగూ లేకుండానే గీతలు వచ్చిన సందర్భాలు నా ఫైల్లో ఉన్నాయి. దాదాపు అన్ని నాజిళ్లూ తెరుచుకున్నాకే ఆ ఒక్క రంగుతో నిండిన పేజీ ప్రింట్ చేయాలి. హెడ్‌లో మిగిలిన ద్రవాన్ని తోసేసి అసలు ఇంకును కిందికి తెచ్చుకోవడానికి అది. మొదటి పేజీలో రంగు పలచగా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

సిరంజి గురించి అడుగుతారు. కార్ట్రిడ్జ్ తీసి, హెడ్ పైనున్న ఇంకు మార్గానికి మెత్తని గొట్టం తగిలించి, కింద తడి గుడ్డ పెట్టి ద్రవం పంపడం. ఇది ఆఖరి మార్గం, అదీ చేయి చాలా తేలికగా ఉంటేనే. సిరంజి పిడికి బొటనవేలు ఆనించగానే ఎంత ఒత్తిడి పుడుతుందో మనకు తెలియదు. పియెజో హెడ్ లోపలి పొరలు, అతుకులు అంత ఒత్తిడిని తట్టుకునేలా చేసినవి కావు. అతుకు ఊడితే ఒక రంగు పక్క రంగులోకి కారుతుంది, అది ఇక బాగుకాదు. నేను చేసేది పిడి లేకుండా సిరంజి గొట్టాన్ని గరాటులా నిలబెట్టి, ద్రవం దాని బరువుతోనే దిగేలా వదిలేయడం. దిగకపోతే ఆగుతాను. నెట్టను.

తీయగలిగే థర్మల్ హెడ్ అయితే పని సులువు. చదునైన పళ్లెంలో కొద్దిగా గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ పోసి, నాజిల్ పలక మాత్రమే తడిసేలా నిలబెట్టాలి. రాగి రంగు కనెక్షన్ల వైపు చుక్క కూడా పడకూడదు. నీరు రంగు మారితే మార్చాలి. తిరిగి పెట్టేముందు పూర్తిగా ఆరనివ్వాలి. కనెక్షన్లలో తేమ ఉండగా కరెంటు ఇస్తే హెడ్‌తోపాటు ప్రింటర్ బోర్డు కూడా పోవచ్చు.

ఇంత చేసినా కొన్ని హెడ్లు తిరిగి రావు. నానబెట్టిన పట్టీ మీద ఆ రంగు చార నిండుగా, తెగకుండా దిగుతోంది, కానీ నాజిల్ చెక్‌లో అవే గీతలు రావడం లేదంటే ఇంకుకు దారి ఉంది, తోసే పొరో హీటరో పనిచేయడం లేదని అనుమానించాలి. అది ద్రవంతో నయమయ్యేది కాదు. అక్కడ ఆగి హెడ్ మార్చాలా, ప్రింటర్ మార్చాలా అని ఆలోచించడం మేలు. ఇది తేల్చుకోవడానికి కూడా ఆ పట్టీయే ఆధారం.

బాగైన హెడ్ మళ్లీ ఎండకుండా ఉండటానికి నేను పాటించేవి కొన్నే. ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపుతాను, గోడ స్విచ్‌తో కాదు. బటన్ నొక్కితే హెడ్ క్యాప్ మీద సరిగా కూర్చున్నాకే ప్రింటర్ ఆగుతుంది. పని మధ్యలో కరెంటు పోతే, వచ్చిన వెంటనే ఆన్ చేసి హెడ్‌ను క్యాప్ మీదికి పంపుతాను. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూస్తాను, ఏసీ గాలి నేరుగా తగిలే చోట ప్రింటర్ పెట్టను. క్యాప్ అంచును, వైపర్‌ను నెలకోసారి తుడుస్తాను.

వారానికోసారి ఒక చిన్న ఫోటో ప్రింట్ చేస్తాను. నాజిల్ చెక్ ఒక్కటీ తీస్తే సరిపోదు, అందులో ఒక్కో నాజిల్ నుంచి పోయే ఇంకు చాలా తక్కువ. సాదా కాగితం సెట్టింగ్‌లో ప్రింట్ చేసినా సరిపోదు, ఎందుకంటే చాలా ఫోటో ప్రింటర్లు సాదా కాగితానికి ఫోటో బ్లాక్‌ను (నిగనిగలాడే ఫోటో పేపర్ కోసం ఉన్న నలుపు ఇంకును) వాడవు, లేత రంగులను కూడా తగ్గించేస్తాయి. ఎక్కువగా ఎండేది ఆ వాడని రంగులే. అందుకే ఫోటో పేపర్ సెట్టింగే ఎంచుకుని, లేత బూడిద నుంచి ముదురు ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్న బొమ్మను, మిగిలిపోయిన ఫోటో పేపర్ ముక్కల మీద వేస్తాను.